పల్లె పిల్లలే పల్లెకు నర్సమ్మలు

నర్సింగ్ స్కూళ్లలో చేరే రోజులు వచ్చాయంటే మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు రైల్వే స్టేషన్లలో ఏటా ఒకే దృశ్యం కనిపిస్తుంది. పరుపు చుట్ట, ప్లాస్టిక్ బకెట్, ఊరగాయ సీసా, కొత్త బ్యాగు. వాటి పక్కన పదిహేడు పద్దెనిమిదేళ్ల ఆడపిల్ల. ఆమె చెయ్యి వదలని తల్లి. గుంటూరు వైపు వెళ్లే బండి ఎప్పుడొస్తుందా అని పట్టాల వైపే చూస్తూ తండ్రి. ఈ పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు కంది, మిర్చి చేలలో కూలికి పోయేవారే. పలకల ఫ్యాక్టరీల్లో దుమ్ము మింగినవారూ ఉన్నారు. ఇంటి మొత్తానికి ఇంటర్ దాటిన మొదటి మనిషి ఆ పిల్లే.

మూడేళ్లు గడిచేసరికి ఆ పిల్లే ఏదో ఒక ఆస్పత్రిలో రాత్రి పూట ఒంటరిగా నిలబడుతుంది. ఆ మూడేళ్లలో ఆమెకు ఏం నేర్పుతారో, ఉద్యోగంలో మొదటి ఏడాది ఎలా గడుస్తుందో మనలో చాలామందికి తెలియదు. తెలుసుకోవలసిన అవసరం మాత్రం ఉంది. ఆ రాత్రి ఆమె ముందు మంచం మీద పడుకుని ఉండేది మనమో, మన ఇంటి మనిషో కాబట్టి.

ఈ సంగతులు చెప్పినవారు ఇద్దరు. ఒకరు తర్లుపాడు దగ్గరి పల్లెలో పుట్టి, ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వాస్పత్రుల్లో పనిచేసి రిటైరైన పెద్దామె. మరొకరు నల్లమల అంచున ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరిన స్టాఫ్ నర్సు. ఇద్దరూ పేర్లు రాయవద్దని కోరారు.

మీటరు గేజి బండిలో గుంటూరుకు

పెద్దామె నర్సింగులో చేరింది 1979లో. అప్పట్లో గుంటూరు లైను మీటరు గేజి. బొగ్గు నుసి కళ్లలో పడుతుంటే కొంగు అడ్డం పెట్టుకుని ప్రయాణం చేశారు. కూడా ఉన్నది ఒక ఇనుప ట్రంకు పెట్టె, జొన్న రొట్టెల మూట.

"మా నాయన సరేనన్నాడు గానీ మా మేనత్త ఒప్పుకోలేదు. ఊరందరి ఒళ్లు కడిగే పనికి పంపుతావా, రేపు దీన్ని ఎవడు చేసుకుంటాడని నిలదీసింది. మా అమ్మ బండి కదిలేదాకా ఏడుస్తానే ఉండింది" అని ఆమె గుర్తు చేసుకున్నారు.

ఆ మాట ఒక్క మేనత్తది కాదు. ఈ వృత్తిని మన సమాజం చాలాకాలం అలాగే చూసింది. పరాయి మనిషి ఒళ్లు ముట్టుకోవడం, మలమూత్రాలు ఎత్తడం, రాత్రి పూట బయట ఉండటం. ఈ మూడూ ఆడపిల్లకు తగని పనులన్నారు. అందుకే తెలుగునాట తొలి రోజుల్లో నర్సు శిక్షణకు వచ్చినవారిలో ఎక్కువమంది మిషన్ బడుల్లో చదివిన క్రైస్తవ కుటుంబాల పిల్లలు. ఊళ్లో బావి నీళ్లు కూడా తోడుకోనివ్వని వాడల నుంచి వచ్చినవారు వారిలో ఎందరో ఉన్నారు. తమను గడప తొక్కనివ్వని ఇళ్లవారికే వాళ్లు ఆస్పత్రిలో దాహం తీర్చారు.

గుంటూరు పేరు ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అన్నా కూగ్లర్ అనే అమెరికా దేశపు డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చారు. మగ డాక్టరుకు ఒళ్లు చూపడానికి ఇష్టపడక, కాన్పు కష్టమై ప్రాణాలు పోగొట్టుకుంటున్న ఆడవారిని చూసి వారికోసం వైద్యం మొదలుపెట్టారు. 1898 నాటికి స్త్రీలకు, పిల్లలకు పెద్ద ఆస్పత్రి లేచింది. 1930లో కన్ను మూసేదాకా ఆమె గుంటూరుతోనే ఉన్నారు. డాక్టరు ఒక్కరితో ఆస్పత్రి నడవదు గనుక ఇక్కడి పిల్లలకే పని నేర్పవలసి వచ్చింది. కోస్తాలో నర్సింగ్ చదువుకు అలాంటి మిషన్ ఆస్పత్రులే తొలి మెట్టు. సర్కారు నర్సింగ్ స్కూళ్లు విస్తరించింది తర్వాత కాలంలో. దేశమంతటా నర్సు చదువు ఒకే తీరున ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది 1947లో.

సూది నూరిన రోజులు

పెద్దామె చదివిన కాలంలో తెల్లవారుజామున అయిదింటికి గంట కొట్టేవారు. హోం సిస్టర్ వరండాలోకి వచ్చేసరికి జడ మడిచి, ఇస్త్రీ యూనిఫాం వేసి నిలబడాలి. మొదటి ఆరు నెలలు ప్రొబేషన్. అందులో నెగ్గినవారికే తలమీద తెల్ల టోపీ పెట్టేవారు. చేతిలో దీపం పట్టుకుని ప్రమాణం చేయించేవారు. ఆ టోపీ నేడు చాలా ఆస్పత్రుల్లో కనిపించదు. దీపం వెలిగించే ఆచారం మాత్రం నిలిచింది.

మొదట నేర్పింది సూది వేయడం కాదు, పక్క వేయడం. దుప్పటి ముడత పడితే కదలలేని రోగి వీపు పుండవుతుందని, మూలలు మడిచి బిగించే పద్ధతిని పదేపదే చేయించారు. ఆ తర్వాత బెడ్ పాన్లు కడగడం, రోగికి ఒళ్లు తుడవడం, నాడి పట్టడం, జ్వరం చూడటం, చార్టు రాయడం.

"గాజు సిరంజీలు ఉండేవి. ప్రతిసారి ఇరవై నిమిషాలు మరగబెట్టాలి. సూది మొన మొద్దుబారితే రాయి మీద నూరి, దూది మీద గీసి చూసేవాళ్లం. దూది పోగు పట్టుకుంటే ఇంకా నూరాలని అర్థం. నైట్ డ్యూటీలో గాజుగుడ్డ కత్తిరించి, మడిచి, డబ్బాల్లో సర్దడానికే సగం రాత్రి పట్టేది" అన్నారామె. ఇప్పుడు సిరంజి ఒకసారి వాడి పారేసేదే. ఈ తరానికి ఆ నూరుడు రాయి ఎలా ఉంటుందో కూడా తెలియదు.

రెండో ఏడాదిలో ఆమె వార్డులో ఒక ముసలాయన చనిపోయాడు. దగ్గర బంధువులెవరూ లేరు. సీనియర్ నర్సు ఈమెను తెర వెనక్కి పిలిచి కళ్లు మూయడం, దవడ జారకుండా గుడ్డతో కట్టడం, ఒళ్లు తుడిచి శుభ్రమైన దుప్పటి కప్పడం చూపించింది. "నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయా చూడమంది. చచ్చిపోయిన మనిషికి వేడి నీళ్లెందుకని అడిగాను. ఆయనకు తెలియదు, నీ చేతికి తెలుస్తుంది అంది. ఆ రోజు నేను నర్సునయ్యాను" అని చెబుతూ ఆమె కొంతసేపు మౌనంగా ఉండిపోయారు.

నేటి చదువు

ఈనాడు ఈ వృత్తికి మూడు దారులున్నాయి. పల్లెల్లో తల్లీబిడ్డల సేవకు ఏఎన్ఎం శిక్షణ రెండేళ్లు. స్టాఫ్ నర్సుకు జీఎన్ఎం మూడేళ్లు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. చివరిదానికి ఇంటర్లో సైన్సు చదివి ఉండాలి. శిక్షణ పూర్తయ్యాక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో పేరు నమోదు కానిదే ఉద్యోగం చేయడానికి వీలులేదు.

మన ప్రాంతపు పిల్లలకు మొదటి గండం ఇంగ్లీషు. తెలుగు మీడియంలో చదివి వెళ్లిన పిల్లకు శరీరంలోని 206 ఎముకల పేర్లూ ఒక్కసారిగా ఇంగ్లీషులో మీద పడతాయి. కొత్త స్టాఫ్ నర్సు మొదటి నెల రోజులు రాత్రిళ్లు హాస్టలు మెట్ల మీద కూర్చుని ఏడ్చిందట. పై తరగతిలో ఉన్న కంభం అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. రోజుకు పది ఎముకలు, తన ఒంటి మీదే వేలు పెట్టి చూపుకుంటూ చదవమంది. ఇరవై రోజుల పైచిలుకులో గండం గడిచింది.

రెండో గండం లెక్క. సెలైన్ సీసా ఎన్ని గంటల్లో ఎక్కాలో డాక్టరు రాస్తారు. నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలో నర్సు లెక్క కట్టాలి. మామూలు సెట్టులో ఇరవై చుక్కలైతే ఒక మిల్లీలీటరు. అరలీటరు సీసా ఎనిమిది గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి ఇరవై ఒక్క చుక్క. "త్వరగా ఎక్కించమ్మా, బస్సుకు పోవాల" అని బంధువులు తొందర పెడుతుంటారు. గుండె జబ్బు మనిషికి తొందరగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. ఆ గడియారం వంక చూస్తూ నిలబడే పిల్ల పని ఎగ్గొట్టడం లేదని మనం గ్రహించాలి.

మూడో గండం కాన్పుల వార్డు. ఇన్ని కాన్పులు చూడాలి, ఇన్ని స్వయంగా చేయాలి అని నియమం ఉంది. ప్రతిదీ పుస్తకంలో రాసి పైవారి సంతకం తీసుకోవాలి. బిడ్డ ఏడవగానే వార్డంతా నవ్వుతుంది. నర్సు కన్ను మాత్రం తల్లి మీదే ఉండాలి. కాన్పయిన తొలి గంటల్లో రక్తస్రావం తల్లిని కబళించగలదు గనుక.

పురుగు కుట్టిన రాత్రి

చదువు పూర్తయింది. కౌన్సిల్లో నమోదైంది. ఉద్యోగం నల్లమల అంచున. చేరిన నాలుగో నెలలో ఒక రాత్రి పదకొండు గంటలు దాటాక ట్రాక్టరు మీద ఒక రైతును తీసుకొచ్చారు. చేనుకు నీళ్లు పెట్టబోతే కాలికి పురుగు కుట్టిందన్నారు. పాము పేరు పలకడానికి మన పల్లెల్లో ఇప్పటికీ జంకుతారు. కాలు వాచి ఉంది. పిక్కకు తాడు బిగించి కట్టి ఉన్నారు. అప్పటికే మంత్రం వేయించడానికి గంటకు పైగా పోయింది.

ఆస్పత్రిలో ఉన్నది ఆమె, ఒక ఆయా. డాక్టరు ఊళ్లో లేరు, ఫోనులో దొరికారు.

నర్సింగ్ స్కూల్లో నేర్పిన పరీక్ష ఒకటి ఆమెకు గుర్తుంది. పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచాలి. ఆ తర్వాత వంచి చూడాలి. గడ్డ కడితే కొంత ధైర్యం. నీళ్లలా జారితే రక్తపింజరి వంటి పాము విషం రక్తంలో చేరిందని అర్థం. కరెంటు యంత్రం అక్కరలేదు, ల్యాబు అక్కరలేదు. కావలసింది గాజు గొట్టం, గడియారం, ఓపిక.

"ఆ ఇరవై నిమిషాలు నాకు ఇరవై ఏళ్లయినాయి. మనిషి చస్తాంటే గోడ వంక చూస్తా నిలబడినావేంది అని వాళ్ల తమ్ముడు నా మీదికొచ్చినాడు. మళ్లీ మంత్రగాని దగ్గరికే పోదాం పదమన్నారు కొందరు. నేనేం చెప్పినా వినేట్టు లేరు. ఆయా మా ఊరి పెద్దమ్మ లాంటిది. వాకిలికి అడ్డం నిలబడి, ఈ పాప చదువుకొని వచ్చింది, గమ్మునుండండ్రా అని గదమాయించింది" అని ఆమె చెప్పింది.

గొట్టం వంచితే రక్తం జారింది. డాక్టరు ఫోనులో చెప్పిన మోతాదు ప్రకారం విషానికి విరుగుడు మందును సెలైన్లో కలిపి ఎక్కించడం మొదలుపెట్టింది. అంతకు ముందే ఎడ్రినలిన్ మందు సిరంజిలోకి తీసి పక్కన పెట్టుకుంది. ఆ విరుగుడు గుర్రపు రక్తం నుంచి తయారయ్యేది. కొందరికి పడదు. పది నిమిషాలకు ఆయన ఒంటి మీద దద్దుర్లు లేచాయి. ఆయాసం మొదలైంది. ఆమె సీసా ఆపి, డాక్టరు చెప్పగానే సిద్ధంగా ఉంచిన సూది తొడకు వేసింది. ఊపిరి కుదుటపడ్డాక మళ్లీ మెల్లగా చుక్కలు వదిలింది. 108 బండి వచ్చేసరికి తెల్లవారుజామున రెండయింది. పెద్దాస్పత్రికి చేరిన ఆ రైతు బతికాడు.

బండి వెళ్లిపోయాక ఆమె చేతులు వణకడం మొదలుపెట్టాయట. అంతదాకా వణకలేదు. "ఆ సూది ముందే తీసి పెట్టుకోవాలని పుస్తకంలో చదివాను. కానీ చేతికి అలవాటైంది మాత్రం చదివేటప్పుడు వార్డులో ఒక సీనియర్ అక్క వల్ల. కావాలనుకున్నప్పుడు వెతకొద్దు, ముందే పెట్టుకో అని ఆమె రోజూ తిట్టేది" అంది.

పాము కరిస్తే కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడు బిగించవద్దు. కాలు కదపకుండా ఉంచి నేరుగా ఆస్పత్రికి తీసుకురావాలి. ఈ నాలుగు మాటలూ ప్రతి ఇంట్లో గుర్తుంచుకుంటే సగం ప్రాణాలు దారిలోనే నిలబడతాయని ఆమె కోరుతోంది.

అన్నీ గెలుపులు కావు

అదే ఏడాది మరో రాత్రి దూరపు గూడెం నుంచి ఒక తల్లిని తెచ్చారు. వచ్చేసరికే ఆలస్యమైంది. బిడ్డ దక్కలేదు. తల్లిని బతికించి పంపగలిగారు. తెల్లవారి ఎవరూ ఆమెను తప్పు పట్టలేదు, మెచ్చుకోనూ లేదు. రిజిస్టరులో ఒక గీత రాసి ఆమె గదికి వెళ్లిపోయింది. మాట్లాడటానికి మరో నర్సు లేదు. మూడు రోజులు అన్నం సయించలేదు. ఉద్యోగం మానేస్తానని ఇంటికి ఫోను చేసింది. తండ్రి కాసేపు ఊరుకుని, "నువ్వు లేకుంటే ఆ తల్లి గూడా పొయ్యేదేమో గదమ్మా" అన్నాడట. ఆ మాటతో ఆగింది.

ఇలా ఆగనివారూ ఉన్నారు. పట్నం ప్రైవేటు ఆస్పత్రులకో, విదేశాలకో వెళ్లిపోతున్నారు. జీతం ఒక్కటే కారణం కాదు. తొలి ఏడాది ఒంటరితనం కూడా ఒక కారణమని ఇద్దరు నర్సులూ ఒకే మాటగా చెప్పారు.

పగటి పూట పని మరో రకం. పుట్టిన బిడ్డకు టీకాలు, ఆ టీకాలు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనం దాటకుండా కాపాడటం, గర్భిణుల రక్తం చూడటం. వీటికితోడు మన నేల తెచ్చిపెట్టిన కష్టం ఫ్లోరైడ్. దేశంలో ఈ జబ్బు గురించి తొలి వైద్య నివేదిక 1937లో వెలువడింది నాటి నెల్లూరు జిల్లా నుంచే. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పుడు ఆ జిల్లాలోవే. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి ఇటు చేరాయి, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు కలిశాయి. నడుము వంగని, మోకాలు మడవని ముసలివారిని మంచం మీదికి ఎక్కించడం ఇక్కడి నర్సుకు నిత్యకృత్యం. దీనికి సూది మందు లేదు. ఉన్న మందల్లా మంచినీళ్లే.

ఆధునిక నర్సు చదువుకు ఆద్యురాలైన ఫ్లారెన్స్ నైటింగేల్ కూడా ఆ మాటే చెప్పడం విశేషం. 1820 మే 12న పుట్టిన ఆమె 1860లో లండన్లో నర్సింగ్ స్కూలు పెట్టించారు. మన దేశంలో అడుగు పెట్టకపోయినా ఇక్కడి కరువుల గురించి, పారిశుధ్యం గురించి ఏళ్ల తరబడి రాశారు. కాలువలు తవ్వాలని వాదించిన కాటన్ దొరను సమర్థించారు. వెలిగొండ నీళ్ల కోసం దశాబ్దాల పాటు ఎదురు చూసిన ఈ ప్రాంతానికి ఆ సంగతి కొత్తగా వివరించనక్కరలేదు.

పిల్లను చేర్చేముందు

బిడ్డను ఈ చదువుకు పంపాలనుకునే తల్లిదండ్రులు ఫీజు కట్టకముందే మూడు సంగతులు విచారించుకోవాలని పెద్దామె సలహా ఇస్తున్నారు. ఒకటి, ఆ స్కూలుకు నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా. రెండు, పిల్లలు పని నేర్చుకోవడానికి రోగులున్న ఆస్పత్రి నిజంగా ఉందా, లేక బొమ్మలతోనే సరిపెడుతున్నారా. మూడు, హాస్టలులో రాత్రి పూట బాధ్యత గల మనిషి ఉన్నారా. అసలు సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా ఏళ్ల తరబడి వదిలి రావద్దని కూడా ఆమె హెచ్చరిస్తున్నారు.

ఒక్క ఏడాది తోడు

చేతికి పని నేర్పేది స్కూలు. ధైర్యం నేర్పేది పక్కన నిలబడే సీనియర్. ముప్పై ఏళ్ల అనుభవంలో తేలింది ఇదేనంటారు పెద్దామె. "నాకు మొదటి ఏడాదంతా రాత్రిళ్లు ఒక హెడ్ నర్సు తోడుంది. ఈ పిల్లకు ఎవరున్నారు? నాకంటే ఎక్కువ చదివింది, నాకంటే ఒంటరిగా ఉంది" అని ఆమె ఆవేదన వ్యక్తం చేశారు.

కొత్తగా చేరిన నర్సును కనీసం మొదటి ఆరు నెలలు రాత్రి డ్యూటీకి ఒంటరిగా వదలకూడదు. అది వీలుకాని చోట, ఏ వేళనైనా ఫోను ఎత్తి మాట్లాడే సీనియర్ను ఒకరిని ఆమెకు కేటాయించాలి. తలుపు గడియ పడే గది, వెలిగే దీపం, నీళ్లున్న మరుగుదొడ్డి ఆస్పత్రిలో ఉండాలి. వీటికి కోట్లు అక్కరలేదు. అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించాలని ఈ ప్రాంత ప్రజల తరఫున కోరవలసి ఉంది.

ఊరు చేయవలసిందీ ఉంది. రాత్రి వేళ రోగిని తెచ్చినప్పుడు ఇరవై మంది కాకుండా ఇద్దరు లోపలికి వెళితే చాలు. మిగిలినవారు బయట కాపలా ఉంటే ఆమెకు అదే తోడు.

పెద్దామెకు 1985లో పెళ్లయింది. వద్దన్న మేనత్తే చివరి రోజుల్లో పక్షవాతంతో మంచాన పడింది. పుండు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలించి, పక్క ముడతలు సరిచేసింది ఈ మేనకోడలే. ఆ పని ఎక్కడ నేర్చుకున్నావని మేనత్త ఎప్పుడూ అడగలేదట. కానీ ఇంటికి ఎవరొచ్చినా, "మా పిల్ల నర్సు" అని ముందుగా ఆమే చెప్పేదట.